నిప్పుపిట్ట గొంతు

ఆ ఎండాకాలం మా ఇంట్లో నోరు విప్పని మనిషి మా అక్క ఒక్కతే. ఆవిడతో కలిపి అబద్ధమాడిన వాళ్ళం మాత్రం ముగ్గురం. ఇంట్లో ఉన్నదే ముగ్గురం.

గొంతు డాక్టరు చాలా నెమ్మదైన మనిషి. అక్క ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, లోపల ఏముందో తెర మీద మాకూ చూపించాడు. తడితడిగా మెరిసే మడతలు రెండు, అందులో ఒకదాని అంచున కందిగింజంత వాపు.

"నలభై రోజులు మౌనం. గుసగుసలు కూడా వద్దు, అవి అరుపులకంటే చెడ్డవి. ఓపిక పడితే తగ్గుతుంది. లేదంటే కత్తి పెట్టాలి. పెట్టాక ఇదే గొంతు వస్తుందని నేను చెప్పలేను," అన్నాడు.

అక్క ఏదో అనబోయింది. ఆయన వేలెత్తి ఆపేశాడు. ఆ క్షణం నుంచే నలభై రోజులూ మొదలయ్యాయి.

గొంతు పోతే ఎవరికైనా కష్టమే. మా అక్కకు అది బతుకు. పరాయి దేశంలో తీసే నిప్పుపిట్ట సినిమాలు మన భాషలోకి వచ్చినప్పుడు ఆ పిట్ట మాట్లాడేది మా అక్క గొంతుతోనే. రెక్కలకు మంటలంటుకున్నా ఎగిరే ఆ వీరనారి మూడు సినిమాల్లోనూ అక్క నోటితోనే శత్రువుల్ని బెదిరించింది, అక్క ఊపిరితోనే ఏడ్చింది. ఎదురింటి పిల్లలు అక్కను 'పిట్టత్తా' అనే పిలుస్తారు.

నాదీ అదే వృత్తి, కాకపోతే గుంపులో. తెర మీద భవనం కూలుతుంటే "బాబోయ్, పరుగెత్తండి" అని అరిచే ఆడవాళ్ళలో సగం మంది నేనే. నర్సుని నేను, వైర్‌లెస్‌లో పలికే పోలీసమ్మాయిని నేను, లిఫ్టులో అంతస్తు చెప్పే గొంతు కూడా నేనే. ఇరవై ఏళ్ళలో నేను చచ్చినన్ని చావులు ఇంకెవరూ చచ్చి ఉండరు. ఒక్కదానికీ పేరు పడలేదు.

ఇక మూడో మనిషి మా బావ. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. యాభై దగ్గరపడుతున్న మనిషికి ఈ సినిమాల పిచ్చి ఇంతా అంతా కాదు. అదైనా పెళ్ళాం గొంతిచ్చిన పిట్ట మీదా అంటే, కాదు. ఆ పిట్టకు బద్ధశత్రువైన మంచుదొర మీద! ఇంటర్నెట్‌లో 'దొరగారి దుప్పటి' అని పేరు పెట్టుకుని, పిట్టసేన అని చెప్పుకునే కుర్రకారుతో పొద్దస్తమానం కయ్యానికి దిగుతాడు. మంచుదొర శిరస్త్రాణం కొమ్ములు మూడా నాలుగా అన్న విషయం మీద ఒకసారి పదకొండు రోజులు వాదించాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

మూడో రోజున మేష్టారు మా ఇంటికి వచ్చారు. డబ్బింగ్ అంతా ఆయన చేతుల మీదే నడుస్తుంది. నాలుగో భాగం పని పది రోజుల్లో మొదలు. కుర్చీలో కూర్చుని చాలాసేపు చెమట తుడుచుకున్నారు.

"కంపెనీకి చెప్పామనుకో, ఇంకో గొంతు వెతుకుతారు," అన్నారు అక్కతో. "కొత్త గొంతుకు ఒకసారి ముద్ర పడిందా, ఇక అంతే. నువ్వు బాగయ్యాక వచ్చి నా చోటు నాకివ్వండి అంటే ఇవ్వరు."

అక్క చేతిలో పలక ఉంది. చిన్నపిల్లలు రాసుకునే నల్ల పలక, సుద్దముక్క.

మేష్టారు నావైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వే ఎత్తుకోవాలి."

"నేనా? నేను చచ్చేవాళ్ళకి చెబుతాను మేష్టారూ."

"అక్క రావడం ఆలస్యమైనప్పుడు కొలత కోసం ఆవిడ మాటలు ఎన్నిసార్లు చదవలేదు నువ్వు? రెండుసార్లు ఆవిడే అనుకుని నేనే బోల్తాపడ్డాను."

అక్కవైపు చూశాను. ఆవిడ పలక మీద 'చెయ్యి' అని రాసింది. దాని కింద 'నాలా' అని రాసి, ఆ మాట కింద గీత గీసింది.

స్టూడియోలో సంగతి తెలిసిన వాళ్ళు ఇద్దరే. ఒకరు మేష్టారు, రెండోవాడు రికార్డింగ్ చేసే చెవులాయన. దోమ వాలినా పట్టేస్తాడని ఆయనకా పేరు. బయటవాళ్ళకు మాత్రం అక్కే మాట్లాడుతోందని, నేను తోడుగా వస్తున్నానని చెప్పారు.

ముందుగా ట్రైలర్ మాటలు. గోడలన్నిటికీ మెత్తటి పరుపులు తొడిగిన చిన్న గది, మధ్యలో మైకు, పక్కన కాగితాలు పెట్టుకునే స్టాండు, ఎదురుగా తెర. కాగితం రెపరెపలాడకూడదు, గాజులు మోగకూడదు, పొట్టలో ఆకలి గొణగకూడదు. నోరు ఎండిపోకుండా పుల్లటి ఆపిల్ ముక్క ఒకటి దవడన పెట్టుకుని నిలబడ్డాను. అద్దానికి అవతల అక్క.

కాగితాల మీద గుర్తులన్నీ అక్క పెన్సిల్‌తో పెట్టినవే. ఒక్క గీత ఉన్నచోట ఊపిరి తీసుకోవాలి. రెండు గీతలున్నచోట వచ్చిన ఊపిరిని మింగేయాలి. ఊపిరి మింగడం మా అక్కకే చేతనైన విద్య. దుఃఖం గొంతుదాకా వచ్చి ఆగిపోయినట్టు ఉంటుంది. ఇంకెవరూ అలా చెయ్యరు, ఆ గుర్తూ ఇంకెవరూ పెట్టరు.

ట్రైలర్ చివర్లో మంచుదొర మంచులో కూలిపోయి ఉంటాడు. శత్రువే అయినా పిట్ట వాడి పక్కన దిగి ఒక్క మాట అంటుంది: నేను ఎగిరిపోవడానికి రాలేదు, నువ్వు లేచేదాకా ఉండటానికి వచ్చాను.

ఆ ఒక్క మాటనే ముప్పైసార్లకు పైగా చెప్పించారు. చెప్పిన ప్రతిసారీ అద్దం అవతల పలక లేచేది. 'తొందర.' 'ఏడవకు.' 'మింగు.' 'మింగలేదు.' చివరికి అక్క పలక కింద పెట్టేసి తల ఊపింది. చెవులాయన కూడా ఊపాడు.

"ఇద్దర్లో ఎవరో నాకే తెలీలేదమ్మా," అన్నాడు. మెచ్చుకుందామనే అన్నాడు. నేను అక్క ముఖం చూడలేదు, అలిసిపోయి నేలమీద చతికిలబడ్డాను.

ట్రైలర్ వచ్చిన పొద్దున బావ దుకాణం తెరవలేదు. ముగ్గురం సోఫాలో ఇరుక్కుని కూర్చుని ఆయన ఫోన్లో చూశాం. చూడటం రెండు నిమిషాలు, కింద జనం రాసిన మాటలు చదవడం రెండు గంటలు.

పిట్ట ఈకలు పోయినసారి నారింజరంగు, ఈసారి ఎరుపెందుకయ్యాయని పెద్ద రగడ. దర్శకుణ్ణి ఉరి తియ్యాలన్నాడొకడు. మంచుదొర పడిపోవడం నటనేనని, లేచి పిట్ట మెడ పట్టుకుంటాడని దొర మనుషులు పందాలు కడుతున్నారు. 'దొరగారి దుప్పటి' అక్కడా తయారు. గొంతు గురించి ఎవరైనా రాశారేమోనని నేను వేలితో కిందికి తోసుకుంటూ పోయాను. ఒక్కడంటే ఒక్కడు రాయలేదు. 'మా పిట్టక్క గొంతు విన్నాక ఒళ్ళు పులకరించింది' అని మాత్రం ఒకమ్మాయి రాసింది.

"హమ్మయ్య," అని బావ వెనక్కి వాలాడు. "గట్టెక్కాం."

అక్క పలక మీద 'ఎవరికీ తెలియలేదు' అని రాసింది. మేమిద్దరం చదవగానే చీరకొంగుతో తుడిచేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకూ బెంగ తీరిందనే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు పక్కనుండి కూడా అంతమాత్రమే అర్థం చేసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత దెబ్బ తగిలింది. 'పాత ఈక' అన్న పేరుతో ఎవరో రాశారు: 'ఇది ఆమె గొంతు కాదు. ఆమెను అనుకరిస్తున్న ఇంకెవరిదో. ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి.'

అంతే, తేనెతుట్టె కదిలింది. ఈకల రంగు గొడవ, కొమ్ముల గొడవ అన్నీ మూలపడ్డాయి. గొంతు మారిందనే వర్గం, మారలేదనే వర్గం. పాత సినిమా మాటలూ కొత్తవీ పక్కపక్కన పెట్టి వంకర గీతల బొమ్మలు చేశాడొకడు. ఆమెకు జబ్బు చేసిందన్నారు, చచ్చిపోయిందన్నారు, కంపెనీ మరమనిషి చేత చెప్పించిందన్నారు. చనిపోయిందన్న మాట చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ పక్కగదిలో ఆవిరి పడుతోంది.

మేష్టారి ఫోన్లు మొదలయ్యాయి. మొదటిరోజు "పట్టించుకోకు" అన్నారు. రెండోరోజు "ఎవరితోనైనా అన్నావా?" అని అడిగారు. మూడోరోజు "కంపెనీ వాళ్ళు చదువుతున్నారమ్మాయ్" అన్నారు.

నాకు తిండి సహించలేదు. బయట నోరెత్తాలంటే భయం పట్టుకుంది. ఒకరోజు అక్క గొంతుమందు కోసం మందుల షాపుకు వెళ్ళాను. నా ముందు కాలేజీ పిల్ల ఒకతె, సంచీకి ఎర్ర ఈక బొమ్మ వేలాడేసుకుని ఉంది. షాపతను "ఏం కావాలమ్మా?" అన్నాడు. నేను నా గొంతు కాదు, అక్క గొంతూ కాదు, జలుబు చేసిన ముసలమ్మ గొంతొకటి పెట్టి మందు పేరు చెప్పాను. ఆ పిల్ల గిర్రున తిరిగి చూసింది.

"ఆంటీ, మీరింతకుముందు..." అని ఏదో అనబోయింది.

నేను చీటీ అక్కడే వదిలేసి బయటపడ్డాను. వీధి చివరిదాకా వెనక్కి చూడకుండా నడిచాను. అక్కడ నిలబడి ఊపిరి తీసుకుంటుంటే గుర్తొచ్చింది, పోయిన వారమే నేనా పిల్లకు బస్సులో సీటిచ్చాను. అదే అడగబోయిందేమో పాపం.

ఎవరా పాత ఈక? ఎంత ఆలోచించినా బావ దగ్గరికే వచ్చి ఆగేదాన్ని. సంగతి తెలిసిన ఐదుగురిలో రాతలరోగం ఉన్నది ఆయనొక్కడికే. కావాలని కాకపోయినా, పిట్టసేనను ఏడిపిద్దామని నోరు జారి ఉంటాడు. ఒక మధ్యాహ్నం ఒళ్ళు మండి దుకాణానికి వెళ్ళాను. బావ ఒక పెద్దాయన ముక్కు మీద లెన్సుల చట్రం పెట్టి "ఇదా? ఇదా?" అని అద్దాలు మారుస్తున్నాడు. ఆయన వెళ్ళేదాకా ఆగాను.

"బావా, నిజం చెప్పు. పాత ఈక నువ్వేనా?"

బావ నోరు తెరుచుకుని చూశాడు. "నేనా?"

"ఇంకెవరు? మేష్టారా? చెవులాయనా?"

"నాకు నోటిదురుసుంది కానీ బుద్ధి లేకపోలేదే!" అని ఫోన్ తీసి నా ముందు పడేశాడు. "చూడు. నువ్వే చూడు. వారం రోజులుగా నేనేం చేస్తున్నానో."

చూశాను. 'దొరగారి దుప్పటి' కనపడిన ప్రతివాడికీ రాశాడు. గొంతు అదే, మారలేదు, చెవిలో గుబిలి తీయించుకోండి అని. శత్రుపక్షపు పిట్ట గొంతును వెనకేసుకొచ్చినందుకు దొర మనుషులు ఆయన్ని తమ గుంపులోంచి వెళ్ళగొట్టారు కూడా. 'ద్రోహి' అన్నారు, 'పిట్టకు గింజలేసేవాడు' అన్నారు.

"ఆరేళ్ళుగా ఉన్న గుంపు," అన్నాడు బావ. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు సిగ్గేసింది.

"తప్పయిపోయింది బావా."

"పోనీలే. ఇదిగో, ఇందాకే మళ్ళీ రాశాడు ఆ పాత ఈకగాడు. మాట మొత్తం ఎత్తిరాసి మరీ తప్పులు పడుతున్నాడు. మధ్యలో ఈ గీతలేంటో, వేలు జారినట్టుంది."

ఫోన్ అందుకున్నాను.

'నేను ఎగిరిపోవడానికి / రాలేదు // నువ్వు లేచేదాకా ఉండటానికి / వచ్చాను.'

దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. గోడనిండా ఖాళీ కళ్ళజోళ్ళు.

"ఏంటి, తెలిసినవాడా?" అన్నాడు బావ.

"కాదు. వేలు జారుంటుంది," అన్నాను.

ఆవిడకు అది తెలిసి జరిగి ఉండదు. ఇరవై ఏళ్ళుగా ఏ మాట రాసుకున్నా ఊపిరితో కలిపే రాసుకునే మనిషి. గీతలు లేకుండా ఆ మాట ఆవిడ చేతికి రాదు.

ఇంటికి వెళ్ళాను. అక్క భోజనాల బల్ల దగ్గర ఆవిరిగిన్నె మీద దుప్పటి కప్పుకుని ఉంది. పక్కన ఫోన్ బోర్లించి ఉంది. నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, పాత ఈక మొదటినుంచీ రాసినదంతా చదివాను.

'మూడో సినిమాలో ఆమె తాను ఏడవకుండా మనల్ని ఏడిపించింది. ఇక్కడ ఈమె తానే ఏడ్చేస్తోంది.' 'ఈమె మాటను జాగ్రత్తగా మోస్తోంది, నిండు కుండలా. ఆమె విసిరేసేది.' 'ఈమెకు భయం. వినండి, ప్రతి మాట చివరా ఎవరో తల ఊపుతారని ఎదురుచూస్తోంది.'

చదువుతుంటే చెంపలు కాలాయి. ఎవరి కోసం చేశాను ఇదంతా? ఎవరి చోటు కాపాడటానికి నేను మందుల షాపులో కప్పలా అరిచి పారిపోయాను? నేను అన్నం మానేసిన రోజులన్నీ గుర్తొచ్చాయి. లేచి వెళ్ళి ఆ గిన్నెలో నీళ్ళు పారబోసి నాలుగూ దులిపేద్దామనుకున్నాను. కానీ ఆవిడ రాసిందాంట్లో ఒక్క మాటా అబద్ధం లేదు. నా పనిని అంత శ్రద్ధగా విన్న మనిషి నా జన్మలో ఇంకొకరు లేరు.

కిందికి తోస్తూ పోతే పిట్టసేన నాయకుడి జవాబు కనపడింది. 'సరే, గొంతు మారిందనే అనుకుందాం. మారితే ఏం? ఈ కొత్త గొంతే బాగుంది. ఇందులో మనిషి ఉంది.' దాని కింద వందలమంది ఔనంటే ఔనన్నారు.

నాకు సంతోషం వేసింది. దాచడం దేనికి, గాల్లో తేలిపోయాను. ఇరవై ఏళ్ళు గుంపులో అరిచినదాన్ని, ఆ మాటను నాలుగుసార్లు చదువుకున్నాను. ఐదోసారి చదువుతుంటే హాల్లో ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడైంది. తలుపు సందులోంచి చూశాను. అక్క దుప్పటి తల మీంచి తీసేసి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆవిడా అదే చదివింది.

ఎదురుగా వెళ్ళి ఏమని చెప్పను? ఆవిడ నోటితో జవాబు చెప్పే వీల్లేదు, సుద్దముక్కతో ఎంతని రాస్తుంది? చివరికి ఫోన్లోనే కొత్త పేరొకటి పెట్టుకున్నాను, 'గుంపులో ఒకతె' అని. పాత ఈక కింద రాశాను.

'మీరన్నది నిజం. రాలేదు అన్న తర్వాత ఊపిరి మింగాలి. ఈమెకు మింగడం రాలేదు, ఆపుకుంది అంతే.'

జవాబు వచ్చింది. 'ఊపిరి సంగతి మీకెలా తెలుసు?'

'ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి విన్నాను.'

హాల్లో కుర్చీ కదలలేదు. మళ్ళీ రాశాను: 'ఎవరూ గుర్తుపట్టలేదని మీకు బాధేసిందా?'

చాలాసేపటికి వచ్చింది ఆ జవాబు. 'ఎవరో ఒకరు గుర్తుపడతారనుకున్నాను. నాలుగు రోజులు చూశాను.'

తలుపు తోసుకుని బయటికి వెళ్ళాను. అక్క కళ్ళెత్తలేదు. పక్కన కూర్చుంటే పలక తీసుకుని చాలా నెమ్మదిగా రాసింది.

'మింగకు. అది నీది కాదు. ఊపిరి వస్తే రానీ.'

"తిట్టాలని ఉందక్కా నిన్ను," అన్నాను.

తల ఊపింది. తిట్టమన్నట్టు చెంప ఇటు తిప్పింది. నాకు ఏడుపు వచ్చింది, తిట్టు రాలేదు.

సంగతి మా ఇద్దరి మధ్యే ఉంచి బయటపడొచ్చనుకున్నాను. మర్నాడే మేష్టారు ఫోన్ చేశారు. ఆఖరి రీలు డబ్బింగ్‌కు కంపెనీ మనిషి వచ్చి కూర్చుంటుందట. అక్క మైకు ముందు మాట్లాడితే చూడాలట. నలభై రోజులకు ఇంకా నాలుగు రోజులు తక్కువ.

"ఒక్క మాట చెప్పిస్తే సరిపోతుందంటావా?" అన్నారు మేష్టారు.

బావ ఇల్లంతా తిరిగాడు. "ఒక్క మాటకే వాపు చితికిపోతే? డాక్టరు కత్తి అన్నాడే! వద్దు, జ్వరమని చెప్పండి. నేను చనిపోయానని చెప్పండి." అక్క మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, పలక సంచీలో పెట్టుకుని బయల్దేరింది. దారిపొడుగునా ఆవిడ గొంతునే చూస్తూ కూర్చున్నాను. ఒకసారి గుటక వేసింది. నా ప్రాణం పోయినంత పనయింది.

కంపెనీ మనిషి చిన్న వయసమ్మాయి. చాలా మర్యాదగా లేచి నిలబడింది. "మీ గొంతు వింటూ పెరిగాను మేడం," అంది అక్కతో. "ఏమీ అనుకోకండి. జనం గొడవ చేస్తున్నారు, మా వాళ్ళు అడుగుతున్నారు. ఏదైనా ఒక్క మాట చెప్పండి చాలు."

గదిలో అందరం అక్కనే చూస్తున్నాం. మేష్టారు రుమాలు పిండుతున్నారు. చెవులాయన మీటల మీద చేతులు పెట్టి ఎటో చూస్తున్నాడు. అక్క ఒక్కసారి నోరు తెరిచింది. నేను ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను, గోళ్ళు దిగేలా. ఆవిడ నన్ను చూసి, చెయ్యి విడిపించుకుని, సంచీలోంచి పలక తీసింది.

'నాకు ముప్పై ఆరు రోజులుగా గొంతు లేదు. మాట్లాడింది నా చెల్లెలు.'

ఆ అమ్మాయి చదివింది. మేష్టారు కుర్చీలో కూలబడ్డారు.

"అయితే వాళ్ళు రాసింది నిజమే," అందా అమ్మాయి మెల్లగా. "మరి ఆ పాత ఈక ఎవరు? లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి. ఎవరో ఇక్కడివాళ్ళే అయ్యుండాలి."

మేష్టారు చెవులాయనను చూశారు, చెవులాయన మేష్టారిని చూశాడు.

అక్క బడిలో పిల్లలా చెయ్యెత్తింది.

ఆ అమ్మాయి అక్కను చూసింది, నన్ను చూసింది, ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళింది. వరండాలో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడటం అద్దంలోంచి కనపడుతోంది, ఏమంటోందో వినపడదు. ఇరవై నిమిషాలు. మేష్టారు ఒక్కసారి మాత్రం "నువ్వామ్మా?" అన్నారు అక్కతో. అక్క ఆయన కాళ్ళవైపు చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చి ఆ అమ్మాయి నన్ను చూపిస్తూ నిలబడే చెప్పింది. "ఆఖరి రీలు ఈవిడే పూర్తి చెయ్యాలి, ఇప్పుడు మార్చే వ్యవధి లేదు. పేరు ఈవిడదే వేస్తారు. మాతో దాచినందుకు మేష్టారికి లేఖ వస్తుంది. అయిదో భాగానికి మాత్రం పరీక్ష పెడతారు. ఎవరైనా రావచ్చు." అక్కవైపు తిరిగి అంది, "అంటే ఇక ఆ చోటు మీదని లేదు మేడం. నన్ను క్షమించండి."

అక్క సరేనన్నట్టు తల ఊపింది. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. పిట్ట మంచులో దిగే చోటు వచ్చింది. రాలేదు అన్న తర్వాత నాకు ఊపిరి వచ్చింది, వణుకుతూ, పెద్దగా. రానిచ్చాను. అద్దం అవతల పలక లేవలేదు. చెవులాయన "ఇది ఉంచేద్దాం" అన్నాడు, అదీ మొదటిసారికే.

నలభయ్యో రోజు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గొట్టం దించి చూశాడు. వాపు పోయింది, ఆ చోట సన్నటి గీతలాంటి మచ్చ మిగిలింది.

"మాట్లాడండి. మెల్లగా. మునుపటిలా ఉండదేమో, కంగారు పడకండి," అన్నాడు.

అక్క నీళ్ళు తాగింది. బావను చూసింది. బావ అప్పటికే ఏడుస్తున్నాడు. నన్ను చూసింది.

"అయిదో భాగం పరీక్షకి నేనూ వస్తున్నా," అంది. "నేను అక్కనని చూడకు. గట్టిగా తయారవ్వు."

అది పాత గొంతు కాదు. కిందికి దిగిపోయింది, అంచుల్లో గరుకు చేరింది, మాట మధ్యలో ఒకచోట చిరిగి మళ్ళీ కలిసింది. బావ "అయ్యో, అయ్యో" అంటూ కళ్ళు ఒత్తుకున్నాడు, పోయిందనే అనుకున్నాడు. ఆయనకేం తెలుసు! నేను ఇరవై ఏళ్ళు గొంతుల మధ్య బతికినదాన్ని. ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ గొంతు మునుపటిదానికంటే బాగుంది. నాదానికంటే ఎంతో బాగుంది. అంత గొంతుకు ఎదురుగా నేను వెళ్ళి నిలబడాలి. నాకు నిజంగా భయం వేసింది.

"అక్కా, ఇంకోసారి అను," అన్నాను.